స్వయం ఉపాధి: ఒక మాట, పలు కొలతలు

ఒక దేశంలో పనిచేసే ప్రజలలో స్వయం ఉపాధి గలవారు నూటికి ఎందరు? అర్థశాస్త్రం చదివే విద్యార్థి మిత్రులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన దేశంలో 2017-18 నాటి శ్రామిక బల సర్వే ప్రకారం ఈ సంఖ్య 52.2. 2023-24 నాటికి అది 58.4కు పెరిగింది. ఈ పెరుగుదలను చూచి ఒకరు మన ప్రజలలో స్వతంత్ర వ్యాపార దీక్ష వెల్లివిరిసిందని సంతోషిస్తారు. మరొకరు జీతపు కొలువులు దొరకక జనం ఏదో ఒక పని పట్టుకొని బ్రతుకు ఈడుస్తున్నారని విచారిస్తారు. ఇద్దరూ చూపేది ఒకే సంఖ్య. ఇరుపక్షాలకూ అనుకూలంగా మాట్లాడే సాక్షిని న్యాయస్థానంలో ఎవరూ విశ్వసించరు. మరి గణాంకాల విషయంలో మాత్రం మనమెందుకు ఇంత సులభంగా విశ్వసిస్తున్నాము?

లోపం కూడికలలో లేదు, ప్రశ్నలోనే ఉన్నది. తన పనిపై నిజమైన అధికారం గల మనిషిని, ఆ అధికారం లేని మనిషిని ఒకే మాటతో పిలిచి ఒకే గడిలో కూర్చోబెట్టినంత కాలం, దేశాల మధ్య పోలికలు పేరుకే పోలికలు. ఇది నా దృఢమైన అభిప్రాయం.

దేశదేశాలలో ఒకే ప్రశ్నావళితో జరిగే సర్వేలలో పేరెన్నికగన్నది 1981లో ఆరంభమైన ప్రపంచ విలువల సర్వే. అందులో వృత్తికి సంబంధించి ఒక పట్టిక ఉన్నది. పూర్తికాలపు ఉద్యోగి, పాక్షికకాలపు ఉద్యోగి, స్వయం ఉపాధి, పదవీ విరమణ, వేరే పని లేని గృహిణి, విద్యార్థి, నిరుద్యోగి: వీటిలో ఒకదానిని ఎంచుకోవలె. 2002లో ఆరంభమైన ఐరోపా సామాజిక సర్వే ఇంకొంత సూక్ష్మంగా అడుగుతుంది. మీరు ఉద్యోగులా, స్వయం ఉపాధి గలవారా, సొంత కుటుంబ వ్యాపారంలో పనిచేస్తున్నారా అని ముందు అడిగి, స్వయం ఉపాధి అన్నవారిని మీ క్రింద ఎంతమంది పనిచేస్తున్నారని అడుగుతుంది. ప్రశ్నలు చక్కగానే ఉన్నవి. జవాబు చెప్పవలసిన మనిషిని ఎదుట నిలిపినప్పుడే చిక్కు వస్తుంది.

నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీని తీసుకొందాము. ఆమె తన ఇంటి వాకిట కూర్చొని, తన చేటలో, తన కత్తెరతో, తనకు వీలైన వేళ పనిచేస్తుంది. పైకి చూస్తే ఇంతకు మించిన స్వాతంత్ర్యం లేదు. కాని తునికాకు, తంబాకు, దారం తెచ్చి ఇచ్చేది టేకేదారు. వెయ్యి బీడీలకు కూలి ఎంతో ఆమె నిర్ణయించలేదు. బాగాలేవని కొన్నింటిని ఏరి పక్కన పెడితే ఎదురు చెప్పలేదు. తాను చుట్టిన బీడీని తాను అంగడిలో అమ్ముకోలేదు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం యజమాని గాని, కాంట్రాక్టరు గాని ఇచ్చిన సరుకుతో ఇంటి వద్ద బీడీ చుట్టేవారిని కార్మికులుగానే నిర్వచించింది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది. కాని జాతీయ నమూనా సర్వే నిర్వచనం వేరు. సరుకు పుచ్చుకొని ఇంటి వద్ద పనిచేసేవారిని అది స్వయం ఉపాధి క్రిందనే లెక్కవేసింది. ఒకే స్త్రీ, ఒకే చేట, ఒకే ప్రభుత్వం. చట్టం దృష్టిలో ఆమెకు యజమాని ఉన్నాడు. గణాంకాల దృష్టిలో ఆమెకు ఆమే యజమాని!

ఈ వైపరీత్యం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఒక వైద్యుడు తన సొంత ఆసుపత్రిని కంపెనీగా నమోదు చేసుకొంటే, అక్కడి అధికారిక గణాంకాలు అతనిని ఆ కంపెనీలో జీతగానిగా లెక్కిస్తవి. పదిమందికి పని చెప్పగల వైద్యుడు అక్కడ ఉద్యోగి. ఎవరికీ పని చెప్పలేని బీడీ కార్మికురాలు ఇక్కడ స్వతంత్రురాలు. ఈ రెండు లెక్కలను ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన వేసి, ఏ దేశంలో స్వతంత్ర వృత్తులు ఎక్కువని తేల్చడం శేరుతో కొలిచిన బియ్యాన్ని గజంతో కొలిచిన గుడ్డతో పోల్చడం వంటిది.

ఇక పనివారి సంఖ్య సంగతి. ఎరిక్ ఓలిన్ రైట్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1985లో ప్రచురించిన గ్రంథంలో పదిమంది, అంతకు మించి పనివారు గలవారిని పెట్టుబడిదారులుగాను, ఇద్దరి నుండి తొమ్మిదిమంది వరకు గలవారిని చిన్న యజమానులుగాను, ఒక్కరు గాని, అసలెవరూ గాని లేనివారిని అంతకంటె చిన్న స్వంత వృత్తిదారులుగాను విభజించినాడు. ఒక్క మనిషి అటూ ఇటూ అయితే వర్గమే మారిపోతుంది! కనుక ఆ ఒక్క మనిషిని లెక్కించే తీరు అల్ప విషయం కాదు. ఐరోపా సర్వేలో మీ క్రింద ఎంతమంది అన్నప్పుడు యజమాని లెక్కలోకి రాడు. మీరు పనిచేసే చోట ఎంతమంది అన్నప్పుడు మాత్రం మీతో కలిపి చెప్పమంటారు. ఈ భేదం ప్రశ్నావళి కాగితంపై స్పష్టమే. దానిని ఇంటింటా తిరిగి చదివి వినిపించేసరికి ఎంత మిగులుతుందో ఆలోచించండి.

మగ్గం నేసే ఇంటికి వెళ్లి నీ క్రింద పనివారెందరని అడిగితే, ఎవరూ లేరనే జవాబు వస్తుంది. భార్య కండెలు చుడుతుంది, కుమారుడు ఆసు పోస్తాడు. ఇంటివారిని పనివారని ఎవరంటారు? 2023-24లో మనం చూచిన ఆ 58.4లో 19.4 మంది ఇటువంటి జీతం లేని కుటుంబ సహాయకులే. అనగా స్వయం ఉపాధి గలవారని మనం చెప్పుకొనే ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి తనదంటూ చేతికి వచ్చే ఆదాయమే లేదు. ఇదే గృహిణి ప్రపంచ విలువల సర్వే పట్టికను ఎదుర్కొంటే, వేరే పని లేని గృహిణి అనే గడిలో పడిపోయే ప్రమాదం ఉన్నది. ఆమె శ్రమ ఒక సర్వేలో స్వయం ఉపాధి. మరొక సర్వేలో శూన్యం.

సిరిసిల్ల మరమగ్గాల ఆసామి పరిస్థితి మరింత విచిత్రమైనది. మగ్గాలు అతనివే. వాటిపై నేసే కూలీలూ అతని క్రిందివారే. కాని నూలు ఇచ్చేది, గుడ్డ తీసుకొనేది, మజూరీ నిర్ణయించేది పై యజమాని. ప్రశ్నావళిలో అతడు యజమాని. వ్యవహారంలో అతడు కూడా కూలి కొరకు ఎదురుచూచేవాడే.

తరగతుల గీతలు కూడా ఆలోచింపదగినవి. ఐరోపా సర్వేలో పనిచేసే చోటు పరిమాణానికి మొదటి తరగతి పదిమంది లోపు. మన శ్రామిక బల సర్వే ఆ పదిలోపు మరొక గీత గీసి, ఆరుగురి లోపువారిని వేరుచేసింది. ఇది వివేకం గల పని. మన కార్ఖానాలలో అత్యధిక భాగం ఐరోపా వారి మొదటి గడిలోనే ఇమిడిపోతవి. వాటి మధ్య భేదమంతా అక్కడ మాయమౌతుంది. మరొక సంగతి. 1948 నాటి కర్మాగారాల చట్టం విద్యుత్తు వాడేచోట పదిమందికి, వాడనిచోట ఇరవైమందికి వర్తించేట్లు గీత గీసింది. పది దగ్గర బాధ్యత మొదలైనప్పుడు, అడిగినవారికి తొమ్మిది అని చెప్పడానికి యజమానికి కారణం ఉంటుంది గదా!

ఒక ఆక్షేపణ రావచ్చును. ప్రతి దేశమూ తన ఇష్టం వచ్చినట్లు అడిగితే పోలిక ఎట్లా సాధ్యం, అందరికీ ఒకే ప్రశ్న ఉండవద్దా అని. ఆక్షేపణ సమంజసమే. కాని అందరికీ ఒకటిగా ఉండవలసినది ప్రశ్నలోని మాట కాదు, ప్రశ్న వెదికే వాస్తవం. ముడిసరుకు ఎవరిది? పనిముట్లు ఎవరివి? ధర ఎవరు నిర్ణయిస్తారు? వస్తువును ఎందరికి అమ్మగలరు? ఇంటివారిలో ఎవరెవరు చేయి వేస్తారు? కూలికి ఎందరు వస్తారు? ఈ చిన్న ప్రశ్నలు నిజామాబాదులోను, నేపుల్సులోను ఒకటే. ఇది సాధ్యం కాదనడానికీ వీలులేదు. 1999-2000 నాటి మన జాతీయ నమూనా సర్వే స్వయం ఉపాధి గలవారిని సరుకు ఎవరిచ్చినారు, ఎవరు చెప్పిన కొలతలకు పనిచేస్తున్నారని అడిగింది. అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల సమావేశం కూడా 2018లో కొత్త వర్గీకరణను ఆమోదించి, పేరుకు స్వతంత్రులై మరొకరిపై ఆధారపడి పనిచేసేవారికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. కంపెనీ పేరుతో సొంత వ్యాపారం నడిపేవారిని కూడా వేరుగా గుర్తించింది. దారి ఉన్నది, నడవవలసి ఉన్నది.

ఈ విషయాన్ని మన కళాశాల పత్రికలో వ్రాయడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. మనం రెండు భాషల వారము. స్వయం ఉపాధి అనే మాట వింటే తెలుగు పల్లెలో బ్యాంకు రుణం, ప్రభుత్వ పథకం గుర్తుకు వస్తవి. ఉర్దూలో ఖుద్ రోజ్‌గారీ అన్నా అంతే. మీకు స్వయం ఉపాధి ఉన్నదా అంటే, లోను రాలేదండీ అనే జవాబు రావచ్చును. కాని మాలిక్, కారీగర్, మజ్దూర్ అనే మాటల భేదం, యజమాని, ఆసామి, కూలి అనే మాటల భేదం మన వాడలలో చదువురానివారికి కూడా తెలుసు. ఎక్కడో ఆంగ్లంలో తయారైన ప్రశ్నను తర్జుమా చేయడానికి నిఘంటువు చాలదు. ఈ వాడలలో పెరిగిన చెవి కావలె. ఆ చెవి మన విద్యార్థులకు ఉన్నది.

కనుక కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. అర్థశాస్త్ర విద్యార్థులు ఏటా పరీక్ష కొరకు వ్రాసే ప్రాజెక్టులలో ఒకదానిని ఈ పనికి కేటాయించండి. పై చిన్న ప్రశ్నలను తెలుగులోను, ఉర్దూలోను రూపొందించి, పట్టణంలోని ఒక్క వాడలో అడిగి చూడనివ్వండి. అదే వాడలో సగం ఇండ్లలో పాత ప్రశ్న, సగం ఇండ్లలో కొత్త ప్రశ్నలు అడిగితే, మాట మారినప్పుడు మనుషుల లెక్క ఎంత మారుతుందో విద్యార్థులే స్వయంగా గ్రహిస్తారు. అందుకు పెద్ద ఖర్చు కాదు.

యజమాని ఎవరో తేలనిచోట భవిష్య నిధికి తన వాటా ఎవరు చెల్లిస్తారు? పనివారి లెక్క తేలనిచోట ఏ చట్టం వర్తిస్తుంది? గడి ఎంపికలో జరిగిన పొరపాటు కాగితంపైనే ఆగిపోదు. అది వృద్ధాప్యంలో ఒక మనిషి పింఛను దాకా వెళుతుంది. శ్రమించే వారిని సరిగా లెక్కించడం వారికి చేసే ఉపకారం కాదు. అది విద్యావంతులుగా మనం చెల్లించవలసిన బాకీ.