కాదనని 'ఇన్'

చిక్కబళ్ళాపురం మీదుగా బాగేపల్లి వైపు సాగే పెద్దరోడ్డున పెట్రోలు లారీల వెనుక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అన్న అక్షరాలు మీరు చూసే ఉంటారు. హైస్కూలు కుర్రవాడొకడు దానికి 'బొత్తిగా అంటుకోనిది' అని అర్థం చెప్పాడు. వాడిని తప్పుపట్టలేం. కరెక్టుకు ఇన్‌కరెక్టు, విజిబుల్‌కు ఇన్‌విజిబుల్ అని బళ్ళో నేర్పినదే గదా! అయితే ఈ 'ఇన్' లేదనే 'ఇన్' కాదు. లాటిన్‌లో 'లోనికి' అనే అర్థమిచ్చేది వేరొకటి ఉన్నది, అది ఇది. మంటలోకి పోయేది, అనగా ఇట్టే భగ్గుమనేది అని భావం. ఫ్లేమబుల్ అన్నా అంతే. జనం పొరబడి ప్రాణాలమీదికి తెచ్చుకుంటారనే 1920ల నుంచి అమెరికాలో అగ్నిప్రమాద నివారణ సంఘంవారు ఆ 'ఇన్' వదిలివేయమంటూ వచ్చారు. మనకు 1952లో వచ్చిన చట్టం పేరులో మాత్రం 'ఇన్‌ఫ్లేమబుల్' అనే ఉన్నది. అంటుకోనిదానికి ముందు 'నాన్' ఉండాలి. అది కనబడకపోతే అగ్గిపుల్ల దూరంగా ఉంచవలసిందే.

'ఇన్‌వాల్యుబుల్' తమాషా మరొకటి. ఇక్కడ 'ఇన్' లేదనేదే గాని, అర్థం పనికిమాలినది అని కాదు, వెలకట్టలేనిది అని. అమూల్యమనే మాట నిత్యం వాడే మనకిది కష్టం కారాదు.

ఇక 'డిస్‌ఇంటరెస్టెడ్'. ఈమధ్య పత్రికలవారు ఆసక్తి లేనివాడికి కూడా వాడేస్తున్నారు గాని, ఆఫీసు కాగితాలలో దానికి ఏ పక్షపు లాభనష్టాలూ తనకు అంటనివాడనే అర్థం. ఆసక్తి లేనివాడు 'అన్‌ఇంటరెస్టెడ్'. చింతామణిలో అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు పిలవవలసిన పెద్దమనిషి మొదటివాడు. రెండవవాడు కాఫీ తాగి, బస్సుకు వేళయిందని లేచిపోతాడు.