ఉత్తరముల జల్లెడ

మన సభ్యులలో పలువురి జీమెయిలు పెట్టె ప్రకటనలతో నిండిపోవుచున్నది. బ్యాంకువారి వాయిదా ఉత్తరము, పంట బీమా ఉత్తరము ఆ పొల్లులో మునిగి, గడువు దాటిన పిమ్మట కంటబడుచున్నవి. ఉచితముగా లభించు 15 జీబీ స్థలము (ఫోటోలును దీనినే ఆక్రమించును) నిండెనా, క్రొత్త ఉత్తరములు రానే రావు.

ఇందులకు ఫిల్టరు అను ఏర్పాటు కలదు. కంప్యూటరు మీద ఒకమారు అమర్చినచో, వచ్చిన ఉత్తరము తనంతట తానే వేరుపడును. పలువురు దీనిని పొల్లు తొలగించుటకే వాడుచున్నారు. మా యభిప్రాయము వేరు. మొదట గింజను పట్టవలెను. బ్యాంకు, సంఘము, బీమావారి చిరునామాలకు ఒక్కొక్క లేబులు పెట్టి, వానిని స్పాములోనికి ఎన్నడును పంపవలదని గుర్తింపవలెను. స్పాములో పడినది 30 దినములకు తుడిచివేయబడును గదా. పంపినవారి పేరును మాత్రము నమ్మరాదు, దానిని ఎవరైనను పెట్టుకొనవచ్చును. పూర్తి చిరునామానే వ్రాయవలెను. ‘రుణము’ వంటి మాటను బట్టి జల్లించినచో అప్పులిచ్చువారి ప్రకటనలన్నియు అందే చేరును.

ప్రకటనలకును ఫిల్టరు పెట్టవచ్చును. కాని ‘తొలగించుము’ అను ఆజ్ఞకు మేము సమ్మతింపము. కొన్ని కంపెనీలు ప్రకటనలు పంపు చిరునామానుండియే రసీదును గూడ పంపును. వానిని ఇన్‌బాక్సు దాటించి వేరొక లేబులులో నుంచి, వారమునకొకమారు చూచిన చాలును.