వాళ్ళు చెబితే థియరీ, ఆమె చెబితే సోది

2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం విడుదలయింది. తాతల నాటి మాటకు కట్టుబడి రాజకుటుంబానికి ఊడిగం చేసే కట్టప్ప, తన కళ్ళముందు పెరిగిన బాహుబలిని వెనకనుంచి కత్తితో పొడవడం దగ్గర కథ ఆగిపోయింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు. మధ్యలో 21 నెలల పాటు "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?" అన్నది తెలుగువాళ్ళకు ఊతపదమయింది. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, కాలేజీ కాంటీనుల్లో, టీవీ చర్చల్లో అదే ప్రశ్న. రాజమాత ఆజ్ఞ అయి ఉంటుందని కొందరు, బాహుబలే తనను చంపమని కోరి ఉంటాడని కొందరు, అసలు బాహుబలి చావనే లేదని ఇంకొందరు. ఎవరి ఊహకు తగ్గ ఆధారాలు వాళ్ళు చూపించేవారు. ఈ ఊహలకు మన కుర్రాళ్ళు 'థియరీలు' అని పేరు కూడా పెట్టుకున్నారు.

దీన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఇంట్లో పిల్లలతో కలిసి నేనూ ఊహించాను, పందెం కాశాను, ఓడిపోయాను. కథలో ఖాళీ ఉన్నచోట వినేవాళ్ళు తమ ఊహను నింపుకోవడం మనకు కొత్త కాదు. మన రామాయణాల్లో స్త్రీల పాటలన్నీ అలా పుట్టినవే. ఊర్మిళ పద్నాలుగేళ్ళు ఏం చేసింది అన్న ప్రశ్న కవికి పట్టకపోయినా, దంచుతూ విసురుతూ పాడుకున్న స్త్రీలకు పట్టింది. వాళ్ళు ఆమెకు నిద్రనిచ్చారు, మేలుకొలుపునిచ్చారు. కాబట్టి కథను ఊహించడం తప్పు కాదు. కథలో ఏది ఖాళీగా మనకు కనిపిస్తుంది, ఏది ఖాళీ అని కూడా అనిపించదు అన్నదే నా ప్రశ్న.

'బాహుబలి'లో దేవసేన 25 ఏళ్ళు సంకెళ్ళలో ఉంది. ఎక్కడో చీకటి కొట్టులో కాదు, అందరి కళ్ళముందు, ఆరుబయట. పుల్లలు ఏరుకుంటూ, తనను బంధించినవాడికి చితి పేర్చుకుంటూ. కట్టప్ప విడిపిస్తానంటే కొడుకు వస్తాడని చెప్పి ఒప్పుకోలేదు. ఈ 25 ఏళ్ళలో ఆమెకు అన్నం పెట్టింది ఎవరు? జ్వరం వస్తే మంచినీళ్ళిచ్చింది ఎవరు? రోజూ ఆ దారిన నడిచే దాసీలు ఆమెతో ఏం మాట్లాడుకున్నారు? మాట్లాడటానికి భయపడ్డవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చెప్పుకున్నారు? ఒక్క హత్య మీద వందల థియరీలు పుట్టిన చోట, పాతికేళ్ళ చెర మీద ఒక్క థియరీ నా చెవిన పడలేదు. రాజు చావు రహస్యం. స్త్రీ చెర మామూలు విషయం. మామూలు విషయాన్ని ఎవరూ ఊహించరు కదా!

అవంతిక సంగతి చూడండి. దేవసేనను విడిపించడానికి ఆయుధం పట్టిన యోధురాలిగా ఆమె పరిచయమవుతుంది. నాయకుడు ఆమెకు తెలియకుండా చేతి మీద రంగులు వేస్తాడు. తర్వాత ఆమె ఎదిరిస్తున్నా వినకుండా పై బట్టలు లాగి, జుట్టు విప్పి, అలంకరించి ఆమెను 'ఆడదాన్ని' చేస్తాడు. అది ప్రేమ అని పాట చెబుతుంది. ఆ తర్వాత ఆమె లక్ష్యం అతని లక్ష్యమయిపోతుంది, కత్తి అతని చేతికి వస్తుంది. సినీ విమర్శకురాలు అన్నా ఎం.ఎం. వెట్టికాడ్ ఆ దృశ్యాన్ని అత్యాచారమే అని 2015లో రాస్తే పెద్ద దుమారం రేగింది. రెండో భాగంలో అవంతిక దాదాపు కనిపించదు. ఆమె ఏమయింది అన్నది కూడా తీరని కథే, కానీ ఎవరికీ ప్రశ్న కాలేదు. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ఒకే సినిమాగా విడుదల చేసినప్పుడు, నిడివి తగ్గించడానికి వాళ్ళ ప్రేమకథను చాలావరకు తీసేశారు. పీడ పోయిందని కొందరు మిత్రులు సంతోషించారు. నాకలా అనిపించలేదు. ఆమెకు జరిగిన దాన్ని దిద్దలేదు, ఆమెనే కత్తిరించారు.

ఇంతకీ ఆ పెద్ద ప్రశ్నకు దొరికిన జవాబేమిటి? శివగామి ఆజ్ఞాపించింది, కట్టప్ప పాటించాడు. కుట్ర పన్నింది ఆమె భర్తా, కొడుకూ. కానీ కథ నడిచిన తీరులో మనకు గుర్తుండేది అత్తగారి ఆవేశం, కోడలి నోటి దురుసు. రెండో భాగంలో స్త్రీల మీద చేతులు వేసిన సేనాని వేళ్ళను దేవసేన నరికినప్పుడు హాల్లో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అయితే సభలో ఆ తీర్పును ముగించింది ఆమె వాదన కాదు, భర్త కత్తి. ఇంకొక మాట. కట్టప్ప చంపడానికి అసలు కారణం అతను పుట్టు బానిస కావడం. కాదనే హక్కు అతనికి పుట్టుకతోనే లేదు. 'ఎందుకు చంపాడు' అని 21 నెలలు అడిగినవాళ్ళం 'ఎందుకు బానిస' అని అడగలేదు.

పుట్టుకతోనే మనిషి విలువ తేలిపోవడం ఈ కథలో కట్టప్పతో ఆగదు. మాహిష్మతి మీదకు వచ్చే కాలకేయులున్నారు. నల్లటి ఒళ్ళు, గార పళ్ళు, మనకు అర్థం కాని భాష. ఆ భాషను తమిళ రచయిత మదన్ కార్కి శ్రద్ధగా తయారు చేశాడు, కానీ సినిమాలో అది భయపెట్టే అరుపుగానే వినబడుతుంది. వాళ్ళు ఎందుకు వచ్చారు, ఎక్కడినుంచి వచ్చారు, వాళ్ళకు ఇళ్ళున్నాయా, ఆడవాళ్ళున్నారా? తెలియదు. మహాభారతం అరణ్యపర్వంలో అర్జునుడు కాలకేయులను చంపాక, ఆ నగరపు స్త్రీలు జుట్టు విరబోసుకుని ఏడుస్తూ బయటికి వచ్చారన్న మాట ఉంది. అంత ప్రాచీన కావ్యం చూసినంత మేరకైనా ఈ కాలపు సినిమా చూడలేకపోయింది.

ఒక తెగ మొత్తం పుట్టుకతోనే దుర్మార్గం అన్నది కథల్లోనే ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. అది మన దేశంలో చట్టంగా ఉండేది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం మీద ఉన్న స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో 1913 ప్రాంతంలో పుట్టిన ఊరు. ఎరుకల వాళ్ళను అక్కడ స్థిరపరిచి, నిఘాను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖ చూసిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరి పేరయింది. హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే అనుమతి చీటీ కావాలి. ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్ళ బతుకును రైళ్ళూ, ఉప్పు చట్టాలూ ఎలా దెబ్బతీశాయో, తిరగడమే నేరంగా ఎలా మారిందో, సెటిల్మెంటు మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా ఎలా అందారో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ మద్రాసు రాష్ట్రంలో మరుసటి ఏడాదే, 1948లో, అలవాటుపడ్డ నేరస్థుల పేరుతో ఇంకొక చట్టం వచ్చింది. ముద్ర పోలేదు, పేరు మారింది. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ చేసిన కృషి వల్ల ఎంతోమంది కొత్త జీవితాల్లోకి నడిచారు. ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళూ, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. కానీ బయట ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ళ ముఖం మారడం మాత్రం ఆగలేదు. 1991లో ఆ ఊరి పేరుతో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. తమ ఊరినీ తమ జాతినీ నేరాలకు మారుపేరుగా చూపుతున్నారని విడుదలకు ముందే హైకోర్టులో వ్యాజ్యం పడింది.

ఈ సినిమాల చుట్టూ కూడా ఊహాగానాలకు కొదవ లేదు. ఆ దొంగ నిజంగా అంత గొప్పవాడా? ఎలా తప్పించుకున్నాడు? సొమ్ము ఎక్కడ దాచాడు? మళ్ళీ కట్టప్ప ప్రశ్నలే. అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టినప్పుడు తీసింది ఎవరు? మగవాడు దొరక్కపోతే స్టేషనుకు ఎవరిని లాక్కుపోయారు? అతను జైల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లల కడుపు నింపింది ఎవరు? ఈ ప్రశ్నలకు థియరీలు లేవు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒక అధ్యయనం పని మీద ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, ఒక పెద్దావిడ నా చేతిలోని ప్రశ్నల కాగితాలు చూసి, "ఏమ్మా, నువ్వు కూడా దొంగల గురించేనా?" అని అడిగింది. కాదని గట్టిగా అన్నాను. రాత్రి బసకు వచ్చి నా ప్రశ్నావళి తీసి చూసుకుంటే, ముప్పావు వంతు ప్రశ్నలు నేరం గురించీ, జైలు గురించీ, పోలీసుల గురించే ఉన్నాయి. ఆమె అల్లిన బుట్టలకు ఏం ధర వస్తోంది, ఆడపిల్లను ఎంతవరకు చదివించింది, ఆమెకు నవ్వొచ్చే విషయమేమిటి అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. డాక్టరేటు తెచ్చుకున్న నేనూ మగవాడి కథలోని ఖాళీలనే నింపడానికి వెళ్ళాను.

విచిత్రం ఏమిటంటే, రాబోయే కథను చెప్పడం ఒకప్పుడు ఆ స్త్రీల వృత్తే. బుట్ట చంకన పెట్టుకుని, చేతిలో కర్రతో "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అంటూ వీధిలో వచ్చే ఎరుకలసాని మన అమ్మమ్మలందరికీ తెలుసు. మన యక్షగానాల్లో ఆమె ఒక స్థిరమైన పాత్ర. పద్మావతి పెళ్ళి కుదరడానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టాడని మన పురాణ కాలక్షేపాల్లో చెబుతారు. అంటే దేవుడికి కూడా తన కథ ముందుకు నడవాలంటే ఆమె నోరు అవసరమయింది! చేటలో బియ్యం పోయించుకుని, ఎదుటి స్త్రీ ముఖం చదివి, ఆమె నోటితో చెప్పలేని బాధను 'నీ మనసులో ఒక మాట ఉంది' అని బయటికి తీసేది. జోస్యాన్ని నేను నమ్మను, నమ్మమనీ చెప్పను. కానీ ఇల్లు దాటని ఇల్లాలి మొర గడప దగ్గర కూర్చుని విన్న మనిషి చాలాచోట్ల ఆమె ఒక్కతే.

ఆ సోదె ఈరోజు మన భాషలో ఏమయింది? 'సోది ఆపు', 'సోది చెప్పకు' అని రోజూ అంటున్నాం. పనికిరాని వాగుడికి ఆమె వృత్తి పేరు పెట్టాం. కార్యకర్తలమైన మనం కూడా మీటింగుల్లో ఎన్నిసార్లు అనలేదు! కాలేజీ కుర్రాడు రాజుగారి చావు గురించి ఊహిస్తే అది థియరీ. ఎరుకల స్త్రీ ఎదుటి మనిషి బతుకు గురించి ఊహిస్తే అది సోది. ఇద్దరూ చేసింది ఒకే పని. ఎవరి ఊహకు గౌరవం, ఎవరి ఊహకు వెక్కిరింత అన్నది కులమూ, లింగమూ తేలుస్తున్నాయి.

ఊహ ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదు. స్టూవర్టుపురం గురించి మొదట ఊహించింది ప్రభుత్వం. 'వీళ్ళు దొంగతనం చేస్తారు' అన్న ఊహకు రిజిస్టరూ, వేలిముద్రా, హాజరూ తగిలించి చట్టం చేసింది. దాని జాడ ఇప్పటికీ మిగిలే ఉంది. సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టివేయడమే కాక, విముక్త జాతుల వాళ్ళను పుట్టుకను బట్టి అలవాటుపడ్డ నేరస్థులుగా చూడటాన్ని కూడా తప్పుపట్టింది. చట్టం రద్దయిన 72 ఏళ్ళకు ఆ మాట అనవలసి వచ్చింది! మన సంఘాల్లో న్యాయ సహాయం చూసే మిత్రులు ఈ తీర్పును చదివి దగ్గర పెట్టుకోవాలి. అనుమానం మీద ఎరుకల, యానాది ఇళ్ళ నుంచి మనుషులను తీసుకుపోయినప్పుడు అది మనకు పనికొస్తుంది.

రెండో పని మన శిక్షణా తరగతుల్లో చేయవచ్చు. ఆడపిల్లలకు సినిమాలు చూడొద్దని చెబితే వినరు, వినాల్సిన అవసరమూ లేదు. చూసిన కథలో ఎవరి సంగతి తేలలేదో అడగండి. దేవసేనకు అన్నం పెట్టిన దాసి కథ రాయమనండి. కాలకేయుల ఊళ్ళో ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పమనండి. ఊర్మిళ కోసం మన పూర్వ స్త్రీలు చేసింది అదే కదా!

మూడోది అన్నిటికన్నా తొందరగా చేయాల్సింది. సెటిల్మెంటు హాజరు రోజుల సంగతులు తల్లుల నోట విన్న తరం స్టూవర్టుపురంలో పలచబడుతోంది. వాళ్ళ మాటలను వాళ్ళ ఇంటి ఆడపిల్లలే రికార్డు చేసి రాయాలి. మనం చేయగలిగింది టేపూ, కాగితమూ, దారి ఖర్చులూ సమకూర్చడం, అడిగితే సాయపడటం. ప్రశ్నలు మనవి కాకూడదు. నా ప్రశ్నావళి ఎలా ఉందో చెప్పాను కదా.

ఆ పెద్దావిడకు ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఇంకోసారి వెళ్తే కాగితాలు లేకుండా వెళ్ళాలి. ఆమె ఏం చెప్పాలనుకుంటే అది వినాలి. ఎవరైనా దాన్ని సోది అంటే, అవును, అది ఎరుక అని చెప్పాలి.