లెక్కకు రాని అడుగులు

ఏ ఫిట్‌నెస్ బ్యాండు కొనమంటావని స్నేహితురాళ్లు అడుగుతున్నారు. అది ఎవరి ఒంటిని కొలతగా తీసుకుని తయారైందో ముందు చూడమంటాను.

2014లో యాపిల్ తెచ్చిన హెల్త్ యాప్‌లో ఒంట్లోకి వెళ్లే రాగినీ, సెలీనియంనీ కూడా రాసుకోవచ్చు. నెలసరికి మాత్రం చోటు లేదు. అది 2015లో గానీ రాలేదు. రోజుకి 10,000 అడుగులన్న సూత్రం వైద్యులు చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరు.

మణికట్టు బ్యాండు చెయ్యి ఊపుని బట్టి అడుగులు లెక్కిస్తుంది. చంకన బిడ్డనో నడుమున బిందెనో పట్టుకుని నడిచే ఆడదాని చెయ్యి ఊగదు కదా! ఆ నడకలో చాలా భాగం లెక్కకే రాదు. ఇంటిచాకిరీని పనిగా ఒప్పుకోని లోకం ఇప్పుడు దాన్ని నడకగానైనా ఒప్పుకోవడం లేదు.

కొనుక్కోండి, కాదనను. కానీ నువ్వు చాలినంత నడవలేదని సాయంత్రం అది తేల్చితే, సిగ్గుపడాల్సింది మనం కాదు.