పచ్చదనమంతా పంట కాదు

తీరాన నిలిచి చూసేవారికి సముద్రమంతా ఒకే నీరుగా తోస్తుంది. కాని వేడిమి, ఉప్పదనం వేరైన జలరాశులు ప్రక్కప్రక్కనే ప్రవహిస్తూ నడుమ స్పష్టమైన హద్దును ఏర్పరుస్తాయి. జపాన్ ఈశాన్య తీరాన ఉత్తరం నుంచి దిగే ఒయాషియో ప్రవాహం చల్లనిది, నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటులతో సంపన్నమైనది. దక్షిణపు కురోషియో వెచ్చనిది, పోషకాలు తక్కువైనది. ఇవి కలిసే జలాలు ప్రపంచ ప్రసిద్ధ మత్స్యక్షేత్రం. ఆ సంపదకు మూలం వృక్షప్లవకాలు. భూగోళం మీది కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ సూక్ష్మజీవులదే.

అయితే హద్దు వెంబడి ప్లవకాలు దట్టంగా ఉన్నంత మాత్రాన అవి అక్కడే వేగంగా పెరుగుతున్నాయని తీర్మానించరాదని మా అభిప్రాయం. నీళ్ళు ఎదురెదురుగా వచ్చి కలిసేచోట తేలేవన్నీ, చెత్తతో సహా, పోగవుతాయి. లోతులలోని పోషకాలు వెలుగు సోకే పొరకు చేరినచోట మాత్రం కణాలు నిజంగా వృద్ధి పొందుతాయి. మరొక చిత్రం: జంతుప్లవకాలు పుట్టినదాన్ని పుట్టినట్లే మేసేస్తే, ఉత్పాదకత అధికమైనా నీరు పలుచగానే కనిపిస్తుంది. పత్రహరితాన్ని కొలిస్తే నిల్వ తెలుస్తుంది. పంట తెలియాలంటే వేగాన్ని కొలవాలి. డెన్మార్కు శాస్త్రవేత్త స్టీమన్ నీల్సన్ 1952లో కార్బన్-14 పద్ధతిని ప్రకటించినది ఇందుకే.

ఈ తేడా మనకెందుకని కొందరు అడుగవచ్చు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహ చిత్రాలలో ఉష్ణోగ్రత, పత్రహరితాల హద్దులను గుర్తించి, చేపలు దొరకగల తావులను మత్స్యకారులకు తెలుపుతున్నది. వెదుకులాట తగ్గితే డీజిలు మిగులుతుంది; ఇది గొప్ప సేవయే. కాని ఉపగ్రహపు చూపు పైపొరతో ఆగుతుంది. బంగాళాఖాతంలో గంగ, గోదావరి వంటి నదుల మంచినీరు పైన పరుచుకొని, క్రింది పోషకాలను పైకి రానీయదు. అక్కడ ప్లవకాలు తరచు పదుల మీటర్ల లోతున దట్టమవుతాయి. నీరు తోడి పరీక్షించేవారు లేనిదే ఆ లెక్క తేలదు.

మన విద్యార్థులు మాత్రం డయాటంను గోడమీది పటం చూసి గీస్తున్నారు! కమిటీ పెద్దలు వచ్చే యేటి కొనుగోళ్ళలో ఒక ప్లవకాల వలను, కొన్ని తెల్ల, నల్ల సీసాలను చేర్చాలని కోరుతున్నాము. వెలుగు సోకే సీసాలోను, సోకని సీసాలోను ప్రాణవాయువు ఎంత మారినదో పోల్చితే ఉత్పాదకత తెలుస్తుంది. ఉదయం ముంచి సాయంత్రం తీయడానికి తొలి సంవత్సరం ఊరి చెరువైనా సరిపోతుంది.