లేని ఈగను చూసే కళ్లు

1923లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో వర్జీనియా డేవిస్ అనే నాలుగేళ్ల పాపను తెల్లటి గుడ్డ ముందు నిలబెట్టి ఆడుకోమన్నారు. ఆడుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పాప మాత్రం చుట్టూ జంతువులన్నీ ఉన్నట్టే చేతులూపింది, నవ్వింది, చిందులేసింది. జంతువుల్ని ఆ తర్వాత తీరిగ్గా గీసి కలిపారు. గీయించినాయన వాల్ట్ డిస్నీ. కంపెనీ దివాలా తీసినా ఆ ఒక్క రీలు చూపించే బేరం కుదుర్చుకున్నాడు. అలా వచ్చినవే 'ఆలిస్ కామెడీ'లు. మాటల్లేని సినిమాలు, మనిషీ బొమ్మా ఒకే తెర మీద.

పల్నాడులోని వెల్దుర్తిలో ఎవరినడిగినా ఆలిస్ తెలియదంటారు. 'ఈగ' తెలియనివాళ్లు మాత్రం ఉండరు. 2012లో రాజమౌళి తీసిన ఆ సినిమాలో సుదీప్ చేసిన పని అచ్చం ఆ పాప చేసిందే. లేని ఈగను చూడాలి, చెవి దగ్గర లేని రొదకు ఉలిక్కిపడాలి, తన చెంప తనే వాయించుకోవాలి. ఈగకు ఒక్క డైలాగూ లేదు. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా ఎక్కువగా సైగలే. తెలుగులో ఈ మధ్యకాలంలో వచ్చిన అసలుసిసలు మూకీ కామెడీ అదే. పగ కథగా అమ్ముడుపోయింది గనుక ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

ఈ గారడీ డిస్నీకన్నా పాతది. 1900లో బ్లాక్టన్ అనే చిత్రకారుడు కెమెరా ముందు కాగితం మీద ఒక ముసలాయన ముఖాన్నీ, వైన్ సీసానూ గీశాడు. గీసిన సీసాను కాగితంలోంచి చేత్తో ఊడబెరికి, నిజం సీసాలా పట్టుకున్నాడు. బొమ్మ ముఖం చిన్నబోయింది! కెమెరా ఆపి, వస్తువు మార్చి, మళ్లీ తిప్పడమే అందులోని కిటుకు. 1914లో విన్సర్ మెకే ఇంకో అడుగు ముందుకేశాడు. తెర మీద గెర్టీ అనే డైనోసార్, తెర పక్కన కొరడా పట్టుకుని ఆయన. ఆపిల్ విసిరితే అది నోట్లో పట్టుకునేది, తిడితే ఏడ్చేది. చివరికి ఆయన తెర వెనక్కి నడిచేవాడు. మరుక్షణం తెర మీద బొమ్మగా మారి దాని వీపెక్కేవాడు. మాక్స్ ఫ్లైషర్ సిరాబుడ్డిలోంచి పుట్టిన కోకో అనే జోకరైతే తనను గీసినవాడి మీదకే తిరగబడేవాడు.

మనవాళ్లు ఇదంతా చూసి ముక్కున వేలేసుకోనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో తెల్లపంచె మీద బొమ్మ కదులుతుంటే వెనక మనిషి చెక్కబల్ల మీద కాళ్లతో దబదబా తొక్కుతాడు. రాముడూ రావణుడూ కొట్టుకుంటుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఊళ్లో సంగతులు లాగి నవ్విస్తారు. గీసిన తోలూ, బతికున్న గొంతూ కలిసి చేసే హాస్యం మనకు కొత్త కాదు.

1957లో వచ్చిన 'మాయాబజార్' ఆ రక్తంలోదే. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే కెమెరా. గింబళి తనంతట తానే చుట్టుకుంటుంది. లడ్డూలు లేచి ఘటోత్కచుడి నోట్లోకి నడుస్తాయి. అక్కడ ఎస్వీ రంగారావు ముఖం చూడండి: ఆశ్చర్యం లేదు, లడ్డూలు రోజూ ఇలాగే వస్తాయన్న నింపాది. మనం నవ్వేది లడ్డూలను చూసి కాదు, ఆ నింపాదిని చూసి. లడ్డూలు ఎగిరినందుకు ఆయనే తెల్లబోయి ఉంటే ఆ సీను ఇన్నేళ్లు నిలిచేదా?

ఇప్పుడు హైదరాబాదులో గ్రాఫిక్స్ స్టూడియోలకు కొదవ లేదు. 'బాహుబలి' నుంచి 'కల్కి' దాకా ఆ నైపుణ్యమంతా కోటలు కట్టడానికీ, సైన్యాలు నింపడానికీ పోయింది. తప్పనడం లేదు, 'బాహుబలి'కి చప్పట్లు కొట్టినవాళ్లలో ఈ వ్యాసకర్తా ఉన్నాడు. కానీ వంద ఏనుగుల్ని పుట్టించగలిగినవాళ్లకు ఒక్క కొంటె బొమ్మ పుట్టదా? ఖర్చు సాకు చెల్లదు. ఆలిస్‌ను తీసినవాడు దివాలా తీసినవాడు. బ్లాక్టన్ దగ్గర ఉన్నది కాగితమూ, కెమెరానూ. నేడు పల్నాడు కుర్రాడి జేబులోని సెల్‌ఫోన్ వాటికన్నా చాలా నయం.

కథ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పల్నాటి యుద్ధానికి నిప్పు రాజేసింది కోడిపందెం. కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. వీరగాథగా దాన్ని సినిమాల్లో ఎప్పుడో తీసేశారు. అదే పందేన్ని ఎవరైనా కుర్రాళ్లు మూకీ కామెడీగా తీస్తే? బరి గీసి, ఖాళీగా వదిలేయాలి. కోళ్లను తర్వాత గీసుకోవచ్చు, పుంజు ఓడిపోయి అలిగి బరి దాటి పందెం కాసినవాడి భుజమే ఎక్కొచ్చు. కష్టమంతా చుట్టూ నిలబడ్డవాళ్లది: ఇరవైమంది చూపులూ ఒకేసారి ఒకే చోటికి తిరగాలి. లేని పుంజు ఎగిరితే అందరి తలలూ ఒక్కసారే పైకి లేవాలి.