ఆర్కెస్ట్రా ఖాళీ... గొంతు మీది!

'కరవోకే'లో 'ఓకే' అంటే మన 'ఓకే' కాదండోయ్! జపాను భాషలో 'కర' అంటే ఖాళీ. 'ఓకే' అనేది ఆర్కెస్ట్రాకి పొట్టిపేరు.

కోబే నగరంలో దైసుకే ఇనోవే అనే వాద్యకారుడుండేవాడు. క్లబ్బుల్లో కస్టమర్లు పాడుతుంటే వాయించడం ఆయన పని. ఓసారి ఓ కంపెనీ యజమాని తనతో ఊరికి రమ్మన్నాడు. వీలుపడక, వాయిద్యం టేపు మీద రికార్డు చేసిచ్చాడు. ఆ ఆలోచనే 1971లో యంత్రమైంది. నాణెం వేస్తే వాయిద్యం మోగుతుంది, పాట మాత్రం మనమే పాడుకోవాలి!

పేటెంటు తీసుకోలేదు పాపం. లాభాలు ఎవరెవరికో పోయాయి. ఆయనకి దక్కింది 2004లో నవ్వులాటకిచ్చే 'ఇగ్ నోబెల్' శాంతి బహుమతి. ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పినందుకట!

నవ్వండి, ఫరవాలేదు. కానీ బాసు ముందు నోరు మెదపని గుమాస్తా చేత కూడా మైకు పట్టించాడే, అది చిన్న విషయమంటారా?